మఠం వేయలేని మేనమామ

ఆ పొద్దున గురురాజ వేసుకున్న ప్లాను చిన్నదే. భార్య వనజాక్షి పసుపు దంచడానికి ఆడపడుచు ఇంటికి వెళ్తుంది. తను కొట్టుకు వెళ్ళి, వెనక గోడౌన్లో తలుపు దగ్గరగా వేసుకుని, కాసేపు ఆసనం వేసి, మధ్యాహ్నానికల్లా మఠం వేసుకుని కూర్చోగలిగిన మనిషై బయటికి వస్తాడు.

బళ్ళారి బజారులో వాళ్ళది తాతల నాటి పాత్రల కొట్టు. తండ్రి ఉన్నంతకాలం తెల్లటి పరుపు మీద మఠం వేసుకునే వ్యాపారం సాగింది. ఖనిజం లారీలతో పాటు డబ్బు కూడా ఊళ్ళోకి దిగాక గురురాజ కొట్టుకు అద్దాలు పెట్టించాడు, ఏసీ పెట్టించాడు, పరుపు తీసేసి గుండ్రంగా తిరిగే కుర్చీ వేయించుకున్నాడు. వీధి చివరికి వెళ్ళాలన్నా కారే. కొన్నేళ్ళు తిరిగేసరికి తుంటి కీళ్ళు బిగుసుకుపోయాయి. నేలమీద కూర్చుంటే మోకాళ్ళు రెండూ చెవుల్ని పలకరించడానికి లేచి నిలబడేవి.

అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాడు. కానీ మేనకోడలు సుచరిత పెళ్ళి బేస్తవారం. ఆ పిల్లకు తండ్రి లేడు. బడిలో చేర్చిందీ, సైకిలు నేర్పిందీ, పరీక్ష తప్పినప్పుడు పక్కన కూర్చుని తనూ ఏడ్చిందీ గురురాజే. కన్యాదానం నువ్వే చేయాలని అక్క పద్మావతమ్మ ఎప్పుడో చెప్పేసింది. పోయిన వారం ఆమె మామూలుగా ఒక మాట అంది.

"పీటల మీద చానాసేపు కూసోవల్ల కదరా. నీకు కష్టమైతే కుర్చీ ఏయిస్తాలే."

గురురాజకు అది ములుకులా తగిలింది. "నేనేమన్నా ముసలోన్నాక్కా? శెట్టి కొడుకు కుర్చీలో కూసోని కన్యాదానం చేసినాడని బజారంతా నవ్వల్లనా?"

"ఎవురు నవ్వుతారురా? సుమ్మనే, మాటవరసకు అడిగితి."

"ఇంకోతూరి కుర్చీ మాట ఎత్తితే నేను పెండ్లికే రాను."

అనేసి వచ్చేశాడు. అక్క ముఖం చిన్నబోవడం చూశాడు గానీ, వెనక్కి తిరిగి సర్దిచెప్పడానికి మనసొప్పలేదు.

మర్నాడు గాంధీనగర్ మైదానానికి వెళ్ళాడు. మిషన్ బడిలో డ్రిల్ మాస్టరుగా చేసి రిటైరైన సత్యవేదం అక్కడ రోజూ పొద్దున్నే పెద్దవాళ్ళ చేత ఆసనాలు వేయిస్తాడు. గురురాజ కష్టం విని, అరికాళ్ళు రెండూ కలిపి సీతాకోకచిలుకలా కూర్చోబెట్టాడు.

"మొదట రవ్వంత నడిచి ఒళ్ళు వెచ్చబెట్టుకోవల్ల. కింద మడిచిన దుప్పటి ఏసుకోండి, మోకాళ్ళ కింద దిండ్లు పెట్టుకోండి. మోకాలు యాడికి దిగితే ఆడికే చాలు. చేత్తో నొక్కొద్దు. తొడ లాగినట్టుంటే సరే గానీ, మోకాల్లో చురుక్కుమంటే ఆపేయల్లప్పా."

"నేలకు ఎప్పుడు తగుల్తాయి మాస్టారూ?"

"నెలలు పడ్తాది. కొందరికి తగల్నే తగలవు. ఎవురి ఎముక వాళ్ళది."

"పెండ్లి బేస్తవారం ఉండాది."

"అయితే కుర్చీ ఏయించుకోండి."

గురురాజ మళ్ళీ ఆ మైదానం వైపు వెళ్ళలేదు.

అలా ఆ పొద్దున గోడౌన్లో ఒక్కడే కూర్చుని అరికాళ్ళు కలిపాడు. మోకాళ్ళు దిగలేదు. చేత్తో నొక్కాడు. దిగలేదు. మూలనున్న పాత ఇనుప తూకపురాళ్ళు కనిపించాయి. ఒక్కో మోకాలి మీద ఒక్కోటి పెట్టాడు. కొంచెం దిగాయి. ఉత్సాహం పుట్టి ఇంకో జత పెట్టాడు. తొడల లోపల ఏదో పటుక్కుమంది. మోకాళ్ళు నేలకు తగిలాయి. ఇక లేవలేదు.

కేక విని గుమాస్తా తాయప్ప పరుగెత్తుకొచ్చాడు. రాళ్ళు తీసేశాడు. కాళ్ళు దగ్గరికి తెద్దామని వేలు ఆనించగానే గురురాజ పెట్టిన కేకకు గంగాళాలు మోగాయి. తాయప్ప వనజాక్షికి ఫోన్ చేశాడు.

"అమ్మా, సావుకారి కాళ్ళు పోయినాయమ్మా! బిగుసుకోని పోయినాయి!"

అవతల రోకళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ పాటలు. ఆ సందడిలో వనజాక్షికి కాళ్ళు వినబడలేదు. సావుకారు బిగుసుకుని పోయినాడన్నదే వినబడింది. ఆమె ఆ మాటే పైకి అరిచి, రోకలి వదిలేసి కూలబడింది. పాట ఆగింది. పద్మావతమ్మ పసుపు చేతులతో, చెప్పులు లేకుండా, వీధిలోకి పరుగెత్తింది.

ఇక్కడ ఆసుపత్రి వీధి చివరే ఉంది. కానీ కాళ్ళు అలా పరుచుకున్న మనిషి కారు తలుపులో పట్టలేదు, ఆటోలోనూ పట్టలేదు. చివరికి తాయప్ప అటక ఎక్కే వెదురు నిచ్చెన తెచ్చి, దాని మీద తెల్ల దుప్పటి పరిచి, గురురాజను పడుకోబెట్టి, ముగ్గురు హమాలీలతో కలిసి భుజాలకెత్తుకున్నాడు.

"ఎండ కండ్లల్లో కొడతాందిరా," అని మూలిగాడు గురురాజ. తాయప్ప భక్తిగా తన తెల్ల తువ్వాలు తీసి యజమాని ముఖం మీద కప్పాడు.

ఆ తర్వాత జరిగినదానికి బజారును తప్పుపట్టలేం. తెల్ల దుప్పటి, వెదురు, నలుగురు మోసేవాళ్ళు. షట్టర్లు ఒక్కొక్కటే దిగాయి. "పొద్దున్నే నాతో మాట్లాడినాడు కదప్పా!" అని బట్టల కొట్టు ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. బొరుగుల అంగడి హులిగెప్ప లేచి నిలబడి, గుప్పెడు బొరుగులు చల్లి దండం పెట్టాడు.

పెళ్ళి పనులు మాట్లాడటానికి తోరణగల్లు నుంచి వస్తున్న పెళ్ళికొడుకు తల్లిదండ్రులకు కబురు దారిలోనే అందింది. ఖనిజం లారీల వెనక ఇరుక్కుని, ఒంటినిండా ఎర్రదుమ్ముతో బజారు చేరి, పెద్ద గులాబీల దండ కొని ఎదురొచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి గద్గదంగా, "ఎంత మంచి మనిషి!" అంటూ దండను గురురాజ రొమ్ము మీద ఉంచాడు. చల్లటి నీళ్ళు చొక్కాలోకి జారాయి.

తువ్వాలు ఎగిరిపడింది. "నేను సచ్చలేదప్పా! ఆసనం ఏస్తాంటి!"

నిచ్చెన కింద పడనందుకు హమాలీలను మెచ్చుకోవాలి. పెళ్ళికొడుకు తల్లి మాత్రం కెవ్వుమంది. అప్పుడే వచ్చిన పద్మావతమ్మ తమ్ముడి చెంప మీద ఒక్కటి వేసి, అదే చేత్తో తల నిమిరి, వీధిలోనే భోరుమంది. అతని చెంప మీద పసుపు అంటుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు తొడ కండరం చిరిగిందనీ, నెల వరకు నేలమీద కూర్చునే ఊసే వద్దనీ చెప్పాడు. గురురాజ సిగ్గు చంపుకుని అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"కుర్చీ ఏయించక్కా. కుర్చీలోనే కూసుంటా."

జవాబు పక్కనున్న పెళ్ళికొడుకు తల్లి దగ్గర్నుంచి వచ్చింది. "ఏమనుకోవద్దండి. పెండ్లి ముందర పాడెక్కి, శవం దండ ఏయించుకున్న మనిషి. ఆయప్ప చేతుల మీద కన్యాదానం మాకు బేడ, వద్దే వద్దు. ఇంకెవరితోనైనా చేయించండి, లేదంటే ముహూర్తం మార్చుకుందాము."

ముహూర్తం మార్చడమంటే పెళ్ళి తప్పిపోవడమేనని ఆ గదిలో అందరికీ తెలుసు. పద్మావతమ్మ వాదించబోయింది. గురురాజే ఆపాడు.

"వద్దులేక్కా. మన పెదనాయన కొడుకు నాగభూషణం ఉండాడు కదా. వాడు చేస్తాడు."

వాళ్ళు వెళ్ళిపోయాక పద్మావతమ్మ తమ్ముడి చెంప మీది పసుపును కొంగుతో తుడిచింది. తర్వాత మెల్లగా అంది. "నీ కాళ్ళు ఎవురడిగినార్రా? నీ చేతులు కావల్లంటిమి గానీ."



బేస్తవారం గురురాజను కల్యాణ మంటపం వెనక వరుస దాటి, మడత మంచం మీద, మోకాళ్ళ కింద దిండ్లతో పడుకోబెట్టారు. భోజనానికొచ్చిన సత్యవేదం మాస్టారు ఆ దిండ్లను పరీక్షగా చూసి, "ఇప్పుడు సరిగ్గా పెట్టుకున్నారప్పా," అని ముందుకు సాగాడు.

మంటపం మీద నాగభూషణం పీటలను ఒకసారి చూసి, నడుం మీద చెయ్యేసుకుని గట్టిగానే అన్నాడు. "నాకు కింద కుదరదు సామీ. కుర్చీ ఏయండి."

పురోహితుడు తల కూడా ఎత్తలేదు. "ఏయండప్పా, దంపతులకు రెండు."

"అట్లే నాకూ ఒగటి," అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి, హాయిగా నిట్టూరుస్తూ.

కుర్చీలు వచ్చాయి. మేళం జోరందుకుంది. సుచరిత చెయ్యి నాగభూషణం చేతుల్లోంచి పెళ్ళికొడుకు చేతిలోకి వెళ్ళే ముందు ఆ పిల్ల ఒకసారి తలెత్తి జనంలో వెతికింది. గురురాజ మంచం మీద నుంచి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యికి మధ్యలో స్తంభం అడ్డొచ్చింది. అక్షింతలు పడ్డాయి. శాస్త్రం లోపించిందని ఎవరూ గొణగలేదు, ఒక్కరూ నవ్వలేదు.

పెళ్ళికొచ్చిన అంతమందిలో ఆ కుర్చీలను పట్టించుకున్నవాడు గురురాజ ఒక్కడే.