మెట్టపల్లెకు మొగలిపొద

"నీళ్లున్న చోట మొగలిపొద మొలుస్తుంది. కాబట్టి మొగలిపొద ఉన్నచోట నీళ్లుండి తీరతాయి!"

1954లో ఉదయగిరి వనమహోత్సవ సభలో ఉపమంత్రిగారు ఈ సత్యాన్ని ప్రకటించగానే చప్పట్లు కొండకు తగిలి తిరిగొచ్చాయి. పత్రికా విలేకరిగా ముందు వరసలో ఉన్న నాకు ఒళ్లు పులకరించింది. సీతారామపురం అవతలి మెట్టపల్లెవాళ్లు ఇన్నేళ్లూ బావి బావి అని దేవులాడుతున్నారు. పాపం, అమాయకులు!

స్పెషలాఫీసరు రాజమోహన్‌గారు ఆలస్యం సహించరు. సోమశిల దగ్గర పెన్న ఒడ్డున మొగ్గ మీదున్న పొదను వేళ్లతో సహా పెకలించి, లారీలో తెచ్చి, మెట్టపల్లెకు ఎట్టకేలకు మంజూరైన బావికి ముగ్గుపోసిన చోటే నాటించారు. మర్నాటికే అది తల వాల్చింది.

"వాడిపోతా ఉండాదయ్యా," అంది మేకలు కాసుకునే చెంచమ్మ.

"వాడితే ప్రభుత్వానికి అప్రతిష్ఠ. నీళ్లు పోయండి," అన్నారు రాజమోహన్‌గారు.

"నీళ్లు లేకనే గదయ్యా బావి అడిగినాము?"

"ముందు మీరు పొదకు పోయండమ్మా. తర్వాత అది మీకిస్తుంది."

ఆశ చెడ్డది. ఆడవాళ్లు ఎండిన వాగులో చెలమలు తవ్వి కడవలు మోశారు. పిల్లల స్నానాలు ఆగిపోయాయి. చెంచమ్మ ఈనిన మేకకు తగ్గించి మరీ పొదకు పోసింది. చివరికి పువ్వు విచ్చింది. ఊరంతా గుప్పుమంది. ఉపమంత్రిగారు జీపులో పరిగెత్తుకొచ్చారు.

"నాగుపాము గూడా చేరిందయ్యా," అంది చెంచమ్మ.

"చూశారా! చల్లదనం లేందే పాము చేరుతుందా?" అని వారు గబగబా వెనక్కి జరిగారు. "రోజూ నీళ్లు పోస్తున్నారా?"

"వాగు కాడినుంచి మోసి పోస్తా ఉండామయ్యా."

"ఉంటేనే కదమ్మా పోస్తారు!"

చెంచమ్మ ఇంకేదో అనబోయింది గానీ బ్యాండుమేళం అందుకుంది. ఉపమంత్రిగారు చెమర్చిన కళ్లతో మెట్టపల్లెను జలసమృద్ధ గ్రామంగా ప్రకటించి, బావిని తమ అత్తగారి ఊరికి మార్చారు. ఈ ఊరికి తగిన సామాను పంపుతామని మాటిచ్చారు.

మాట తప్పలేదు. కొద్దిరోజులకే ఆత్మకూరు నుంచి టార్పాలిన్ కప్పిన లారీ వచ్చింది. "మళ్లా బావి సామానే పంపినారేమో!" అని ఊరు ఊరంతా ఎదురెళ్లింది. చెంచమ్మ లారీకి టెంకాయ కొట్టింది. టార్పాలిన్ లాగితే లోపల కొత్త పడవ. వరదలొస్తే ఎక్కడానికట.

పడవ దించి, లారీ ఎక్కబోతూ డ్రైవరు చెంచమ్మను పిలిచాడు.

"అమ్మా, ఈ ఎండకు చెక్క పగిలిపోతాది. పొద్దునా సాయంత్రం నాలుగు కడవల నీళ్లు పోస్తా ఉండండి."