నిలకడ మోటారు

"సముద్రం నాకు పెరటి చెరువు లాంటిది. ఒక్కో అల పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది నాకు" అని మత్స్యశాఖ మంత్రిగారు పత్రికలవాళ్ళ ముందు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగాక, మైకు ఆపేశారనుకుని, పక్కనున్న పీఆర్వో చెవిలో అడిగారు:

"ఏమయ్యా, ఈ ఆటుపోట్లు మన శాఖ కిందకొస్తాయా, నీటిపారుదల కిందకా?"

మైకు ఆపలేదు.

మర్నాడు పీఆర్వో దీన్ని "శాఖల మధ్య సమన్వయంపై మంత్రిగారి లోతైన పరిశీలన" అని రాసి అన్ని పత్రికలకీ పంపాడు. అతను అలాంటి మనిషి. ఇంట్లో పాలు విరిగితే "పాలు ఘనరూపం దాల్చాయి" అని చెప్పగల సమర్థుడు. అందుకే అసలు పేరు అందరూ మర్చిపోయి, 'ప్రెస్‌నోట్' అనే పిలవడం మొదలెట్టారు. సొంత అక్క కూడా.

ఇంతకీ ఆ రోజు మంత్రిగారు ప్రకటించింది నిలకడ పథకం. పడవ ముక్కుకి బిగించే కరెంటు మోటారు ఒకటి ఉంది. బ్యాటరీతో నడుస్తుంది, చప్పుడు చెయ్యదు, పొగ వదలదు. జీపీఎస్‌లో ఒక చోటు గుర్తు పెట్టి బటన్ నొక్కితే చాలు, గాలి ఎటు తోసినా నీరు ఎటు లాగినా తనంతట తనే తిరుగుతూ పడవని ఆ చోటే నిలబెడుతుంది. లంగరుతో పని లేదు. చేపల పడవలన్నిటికీ ఆ మోటారు ఇస్తామన్నారు మంత్రిగారు. ఎటూ కదలకుండా ఉన్నచోటే ఉండటానికి అంత కరెంటు ఖర్చుపెట్టే యంత్రం ఆయనకి మొదటి చూపులోనే నచ్చింది. తన శాఖని చూసినట్టే ఉందన్నారు.

ఏ మోటారు కొనాలో తేల్చడానికి కమిటీ వేశారు. అధ్యక్షుడు రిటైరైన పెద్ద ఆఫీసరు. రిటైరవడం ఒంటికి పడక ఏదో ఒక కమిటీలో చేరి ప్రాణం నిలుపుకుంటున్నాడు. మోటార్ల డీలరు రెండు నమూనాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది.

"తెల్లది ఉప్పునీళ్ళది సార్. తుప్పు పట్టకుండా పూత ఉంది, లోపలికి తేమ పోకుండా సీలు ఉంది. ఫ్యాను బిగించిన కాడ కూడా పొడుగు. అల వచ్చి పడవ ముక్కు లేచినా ఫ్యాను నీళ్ళలోనే ఉంటుంది. నల్లది పొట్టి కాడది, చెరువులకి సార్."

"తెలుపు ప్రతిపక్షం జెండా రంగు కదయ్యా" అన్నాడు అధ్యక్షుడు.

"కావాలంటే రంగు వేయిద్దాం సార్."

"ప్రతిపక్షానికి రంగులెయ్యడం మన పని కాదు."

తర్వాత పొడుగు కాడ సంగతి వచ్చింది. మంత్రిగారి ఫొటో ఎలా పడుతుందో చూద్దామని ఆయన బదులు ప్రెస్‌నోట్‌ని మోటారు వెనకాల నిలబెట్టి తీశారు. కాడ నిలువునా అడ్డొచ్చి మొహాన్ని రెండు చెక్కలు చేసింది. మనిషికి రెండు మొహాలున్నట్టు పడింది.

"ఉన్నదున్నట్టు పడితే ఎలాగయ్యా!" అని అధ్యక్షుడు కంగారుపడి, పొట్టి కాడ చాలని తేల్చాడు.

"కానీ సార్, ఇది ఉప్పునీళ్ళలో ఆగదు" అన్నాడు డీలరు. అమ్ముకునేవాడైనా ఆ మాట పైకే అన్నాడు, ప్రెస్‌నోట్ చెవులారా విన్నాడు.

"ఉప్పునీళ్ళకి పనికొచ్చేది మంచినీళ్ళకి పనికొస్తుందా?"

"వస్తుంది సార్."

"మరి మంచినీళ్ళకి పనికొచ్చేది ఉప్పునీళ్ళకి ఎందుకు రాదు? ఇది వివక్ష కాదూ? ఉప్పు అనేది రుచికి సంబంధించిన విషయం. కమిటీ రుచుల్లోకి పోదు."

పరీక్ష గెస్ట్‌హౌస్ స్విమ్మింగ్ పూల్‌లో జరిగింది. పిల్లలు ఎక్కే చిన్న పడవకి నల్ల మోటారు బిగించారు. ఆన్ చెయ్యకముందు పడవ కదలకుండా నిలబడింది. ఆన్ చేశాక కూడా కదలకుండా నిలబడింది. నూటికి నూరు మార్కులు వేసి, అందరూ కాఫీ తాగి వెళ్ళిపోయారు.

మంత్రిగారు ఆ సాయంత్రమే ప్రెస్‌నోట్‌ని పిలిచారు.

"ఎల్లుండి సముద్రంలో నేనే స్వయంగా చూపిస్తాను. ఒక పడవ చూడు. నిజం చేపల పడవ కావాలి. కొంచెం కంపు కొట్టినా పర్లేదు, టీవీలో తెలీదు."

ప్రెస్‌నోట్ తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. బావకి సొంత పడవ ఉంది. ఒడ్డుకి దూరంగా నీళ్ళలో మునిగీ మునగని రాళ్ళగుట్ట దగ్గర గాలం వేసి చేపలు పట్టడం ఆయన బతుకు. అక్కడ పడవ నిలబడితేనే చేప. జారిందంటే రాయి. లంగరు వేస్తే అది రాళ్ళ సందున ఇరుక్కుని, తాడు కోసుకుని రావడం మామూలే. అందుకని మోటారు మాట వినగానే బావ చేతిలో చిక్కుముడి విప్పుతున్న గాలం తాడు కింద పెట్టేశాడు.

"నిజంగా లంగరు లేకుండా నిలబడుద్దా?"

"మంత్రిగారే చెప్పారు బావా."

"ఆయన ఒక్క మాట మీద నిలబడ్డాడా ఎప్పుడైనా? ఆయన తెచ్చిన మోటారు నిలబడుద్దిట!" అంది అక్క వంటింట్లోంచి.

"మొదటి మోటారు బావకే అక్కా. ఉచితం."

"ఉచితంగా వచ్చేది జలుబు ఒక్కటే. ఒరే ప్రెస్‌నోటూ, నీ రాతలు నా దగ్గర కాదు. మాకున్నది ఆ పడవ ఒక్కటే. దాని మీద గీత పడిందా, మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

"గీత కూడా పడదు. నాది పూచీ" అన్నాడు ప్రెస్‌నోట్. అన్నాక, నల్ల మోటారు గుర్తొచ్చింది. బయటికొచ్చాక బావని పక్కకి లాగాడు.

"బావా, ఒక చిన్న ముందుజాగ్రత్త. రాళ్ళ దగ్గరికి చేరగానే వెనకవైపు నీళ్ళలోకి ఎవరికీ కనపడకుండా లంగరు జార్చు."

"లంగరు అక్కర్లేదనేగా ఈ మోటారు?"

"లంగరు అక్కర్లేదని నిరూపించాలంటే లంగరు ఉండాలి బావా. నీకు పరిపాలన తెలీదు."

బావకి అనుమానం వచ్చింది. అయినా సరేనన్నాడు. ఆశ చెడ్డది.

ఆ రోజు రానే వచ్చింది. ఇంజిను ఉంటే దాంతోనే నిలబెట్టారని ప్రతిపక్షం అంటుందని, బావ పడవ ఇంజిను విప్పి ఒడ్డున పెట్టించారు. పడవ ముక్కుకి చిల్లులు పొడిచి మోటారు బిగించారు. చిల్లు పొడిచినప్పుడల్లా బావ కళ్ళు మూసుకున్నాడు. అన్నీ సర్ది బయల్దేరుతుండగా మంత్రిగారి కుర్చీ వచ్చింది. ఎత్తు వీపు, మెత్తటి దిండ్లు, సింహం కాళ్ళ లాంటి కాళ్ళు. నలుగురు మోస్తే గాని లేవలేదు. నించుని ఫొటో దిగితే నిలకడ కనపడదని మంత్రిగారి ఉద్దేశం. పడవలో వేలు పెట్టే సందు లేదు. "నేను చూసుకుంటాను సార్" అని ప్రెస్‌నోట్ ఎలాగో చోటు చేశాడు. కుర్చీ ఎక్కింది, కుర్చీలో మంత్రిగారు ఎక్కారు, చుట్టూ అధ్యక్షుడూ డీలరూ గన్‌మనూ, వెనక బావా ప్రెస్‌నోటూ ఒదిగారు. పత్రికలవాళ్ళ పెద్ద పడవ దీన్ని తాడు కట్టి లాక్కుంటూ రాళ్ళగుట్ట దాకా తీసుకెళ్ళి వదిలింది.

మంత్రిగారు మెడలో వేసుకున్న రిమోట్ పైకెత్తి బటన్ నొక్కారు. రిమోట్ 'కీ' అంది.

గాలి వీచింది. పడవ కదల్లేదు. అల వచ్చింది. పడవ లేచి, మళ్ళీ అక్కడే కూర్చుంది. అధ్యక్షుడి టోపీ ఎగిరి ఒడ్డు వైపు వెళ్ళిపోయింది. పడవ వెళ్ళలేదు. పక్క పడవలో కెమెరాలు వెర్రెత్తిపోయాయి. మోటారు వైపు ఎవరూ చూడలేదు, అందరూ మంత్రిగారినే చూశారు. ఆయన మొహంలో ప్రపంచాన్ని ఆపిన కళ వచ్చింది. ఆ ఊపులో లేచి నించున్నారు.

"ఈ క్షణం నుంచి లంగర్లు రద్దు! లంగరు బానిసత్వానికి గుర్తు. రేపు పొద్దున్నే ప్రతి పడవా తన లంగరు రేవులో అప్పజెప్పాలి. ఆ ఇనుమంతా కరిగించి రేవులో నిలకడ స్తూపం కట్టిస్తాను. లంగరుతో కనపడిన పడవ జప్తు!"

ఈ వార్త అందరికంటే ముందు పంపాలని పత్రికలవాళ్ళ పడవ ఒడ్డుకి పరుగెత్తింది. మంత్రిగారిని మళ్ళీ వచ్చి లాక్కెళ్ళాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

బావ మెల్లగా బావమరిది పక్కకి చేరాడు.

"ఒరే, రేపట్నుంచి ఈ రాళ్ళ దగ్గర నా పడవ దేని మీద నిలబడాలి? నా ఒక్కడిదేనా, రేవులో అందరివీ. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఉద్యోగం పోద్ది బావా."

"నాకు పడవ పోద్ది."

ప్రెస్‌నోట్ జీవితంలో మొదటిసారి ఒక వాక్యాన్ని ముస్తాబు చెయ్యకుండా నోట్లోంచి వదిలాడు.

"సార్, పడవని ఆపింది మోటారు కాదు సార్. లంగరు. నేనే వేయించాను."

మంత్రిగారు ఏమీ అనకముందే డీలరు అడిగాడు: "ఏది? ముందుదా, వెనకదా?"

"వెనకది."

"అమ్మయ్య. ముందుది నాది. చెరువు మోటారు కదా, పరువు పోతుందని..."

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "ఎడమవైపుది కమిటీది. అది లంగరు కాదు, సాంకేతిక సహాయం."

అందరూ కుడివైపు చూశారు. అక్కడ గన్‌మన్ కాలి కింద తాడు ఒకటి బిగుసుకుని నీళ్ళలోకి దిగుతోంది. గన్‌మన్ మంత్రిగారి వైపు చూశాడు.

"నాయకుడన్నవాడు అన్నీ ఆలోచిస్తాడు" అన్నారు మంత్రిగారు.

"మరి రద్దు, సార్?" అన్నాడు ప్రెస్‌నోట్.

"ప్రకటించేశాం కదయ్యా. ప్రకటించింది తప్పని చెప్పడం మన సంప్రదాయం కాదు. అయినా పాపం, మోటారుని ఇంతమంది అనుమానించారు. ఒక్క అవకాశం ఇద్దాం. అన్నీ పైకి లాగండి. నిలబడితే ఆ రైతు... ఆ జాలరి బాధా తీరుతుంది."

 బావ నాలుగు లంగర్లూ ఒకటొకటిగా పైకి లాగాడు. ఆఖరిది నీళ్ళు వదలగానే పడవ రాళ్ళ వైపు జారడం మొదలెట్టింది, అలా ఇలా కాదు, పుట్టింటికి వెళ్తున్నట్టు. మంత్రిగారు బటన్ నొక్కారు. రిమోట్ 'కీ' అంది. మోటారు ఏమీ అనలేదు. మళ్ళీ నొక్కారు. డీలరు లాక్కుని నొక్కాడు. అధ్యక్షుడు మోటారుని చెంపదెబ్బ కొట్టాడు. రాళ్ళు దగ్గరికొచ్చాయి, వాటికి అంటుకున్న గుల్లలు కూడా కనపడుతున్నాయి.

"లంగరు! లంగరు వెయ్యవయ్యా!" అని మంత్రిగారు కేకపెట్టారు.

బావ లంగరు రెండు చేతులా పట్టుకుని నించున్నాడు.

"రద్దు కదండీ. కనపడితే జప్తన్నారు."

"ఈ పడవకి మినహాయింపు!"

"ఎప్పటిదాకా అండీ?"

"ఒడ్డు చేరేదాకా! వెయ్యి!"

బావ వేశాడు. మిగతా మూడూ కూడా ఎవరివి వాళ్ళు వేసేశారు. లంగర్లు పట్టుకునేలోగా పడవ పక్క రాయికి రాసుకుని, కర్రుమని పెద్ద చప్పుడు చేసింది. అప్పుడు ఆగింది. బావ వంగి, చెక్క మీద మూరెడు పొడుగున పడిన గీత మీద చెయ్యి పెట్టాడు. ప్రెస్‌నోట్ ఆ గీతని చూసి, అక్క గుమ్మాన్ని తలుచుకుని, అక్కడే కూలబడ్డాడు.

ప్రాణాలు కుదుటపడ్డాక మంత్రిగారికి కోపం వచ్చింది. దిండ్లు సర్దుకుని కూర్చుని డీలరుని పట్టుకున్నారు.

"చెరువు మోటారైతే మాత్రం ఒక్క చుట్టైనా తిరగదా?"

"తిరగాలి సార్. ఉప్పుకి చచ్చినా రేపు చస్తుంది గాని ఇవాళ తిరగాలి. అసలు దీనికి లైటే వెలగట్లేదు. కరెంటే అందట్లేదు సార్" అని డీలరు మోటారు వైరు పట్టుకుని, అది ఎటు పోయిందో చూసుకుంటూ పడవ మధ్యకి వచ్చాడు. వైరు కొస మంత్రిగారి కుర్చీ కింద ఉత్తినే పడి ఉంది.

"బ్యాటరీలేవి?"

 కుర్చీ చుట్టూ వెతికారు, లంగరు తాళ్ళ కింద వెతికారు. చివరికి అందరి చూపులూ, బావ చూపుతో సహా, ప్రెస్‌నోట్ మీదకొచ్చి ఆగాయి.

"నేనే సార్" అన్నాడు అతను. "ఒడ్డున దించేశాను. బ్యాటరీలూ కుర్చీ రెండూ పట్టలేదు. ఎలాగూ కింద లంగరు ఉందిలే అని..."

గాలి ఎక్కువైంది. నాలుగు తాళ్ళూ కిర్రుమంటున్నాయి. ఒడ్డు వైపు నుంచి ఏ పడవా రావడం లేదు. మంత్రిగారు ఒకసారి సముద్రాన్ని చూశారు. తర్వాత కుర్చీ చేతుల్ని నెమ్మదిగా నిమిరారు.

"పోనీలే. కుర్చీ దించలేదు, అదే పదివేలు."