నకిలీ కావలెను

సూరత్ నగరం, డిండోలి వాస్తవ్యుడు, మరమగ్గాల మీద చీరలు నేసి పొట్టపోసుకునే నర్సింగానికి, ప్లేగు వచ్చిపోయిన మరుసటి ఏడు తీరని తలవంపు కలిగిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం. అతని సరుకును ఇంతవరకూ ఒక్కడు కూడా నకలు కొట్టలేదని అధికారికంగా తేలింది.

సరుకంటే సకినాలు. చేసేది అతని భార్య కనకవ్వ. బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి, బట్ట మీద వేళ్ళతో చుట్లు తిప్పి, ఆరాక నూనెలో వేసి తీస్తే, కొరికిన చప్పుడు పక్క మగ్గం దాకా వినబడేది. మరమగ్గాల మోతలో పక్క మగ్గం దాకా వినబడటమంటే మాటలు కాదు. నర్సింగం వాటిని పొట్లాలు కట్టి, మగ్గం కింద పడ్డ ఎర్రదారంతో నేతగాళ్ళ ముడి వేసి కొట్లకు ఇచ్చేవాడు. ముడి చూసి జనం కనకవ్వ సకినాలని గుర్తుపట్టేవారు. అంతా సవ్యంగా ఉంది కనుక దాన్ని బాగుచేయాలని నర్సింగానికి బుద్ధి పుట్టింది.

"రేపు ఎవడన్న నీ పేరు పెట్టుకొని అమ్ముకుంటే ఏం జేస్తవే? నీ పేరు నీకే ఉండాలె. సర్కారు ముద్ర ఏయిస్త" అన్నాడు భార్యతో.

"నా పేరు నాకు కాక ఎవరికుంటదయ్యా" అంది కనకవ్వ. చదువుకోని మనిషి, చట్టం తెలియదు.

ట్రేడ్ మార్కు సలహాదారు పరమేశ్వర్ గారి దఫ్తరు ఉధనాలో ఉంది. బోర్డుకు ఒక వైపు ట్రేడ్ మార్కులు, రెండో వైపు పెళ్ళి జాతకాలు. రెండింట్లోనూ పొంతన చూడటమే పని కాబట్టి ఆయనకు ఇబ్బంది ఉండేది కాదు. నర్సింగం చెప్పింది విని, కలం తీసి, "ఎవరెవరు మీ సరుకును కాపీ కొడుతున్నారు?" అని అడిగారు.

"ఎవ్వరు లేరు సారూ."

పరమేశ్వర్ గారు కలం మూత పెట్టేశారు. "దొంగ తొంగిచూడని ఇంటికి తాళమెందుకయ్యా? ఈ ఊళ్ళో పొద్దున కొట్లో వేలాడదీసిన చీర డిజైను, దీపాలు పెట్టేసరికి ఎదురుకొట్లో వేలాడుతుంది. ఆ భాగ్యం లేని డిజైన్ని కొట్టువాడి భార్య కూడా కట్టదు. ముందు వెళ్ళి ఒక నకిలీని సంపాదించుకుని రా. ఇంకో మాట. ఆ దారంముడి మార్కు కాదు. సూరత్‌లో ముడి వేయనిదెవరు? పొట్లం మీద మీ ఆవిడ ఫొటో పెట్టు."

కబురు బస్తీలో పాకింది. ఇరుగుపొరుగు పరామర్శకు వచ్చారు. "రంది పెట్టుకోకు నర్సింగం, వచ్చే ఏడుకన్న ఎవడో ఒకడు కొడ్తడు" అని ఓదార్చి, పెట్టిన సకినాలు తిని, నీళ్ళు తాగి వెళ్ళారు. నర్సింగానికి మగ్గం మీద మనసు నిలవలేదు. మగ్గాల యజమాని సేఠ్ సరుకుకు నాలుగు నకళ్ళున్నాయి, తన పెళ్ళాం సరుకుకు ఒక్కటీ లేదా అని కుమిలిపోయాడు.

చివరికి బామ్మర్ది ఆగయ్యను పట్టుకున్నాడు. ఆగయ్య కనకవ్వ తమ్ముడు. ఏ పనీ చేతకాదని అప్పటికే మంచి పేరున్నవాడు.

"జర నాకోసం నకిలీవి చెయ్యాలెరా."

"పిండి మొఖం చూడనోణ్ణి బావా."

"అందుకే నిన్నడుగుతున్న."

పాడుచేయడం నేర్పించమని కనకవ్వకు పురమాయించారు. ఆమె వల్ల కాలేదు. వంకరగా తిప్పబోతే చుట్టు గుండ్రంగానే వచ్చింది, మాడ్చబోతే చెయ్యి తనంతట తానే జల్లెడగంటె అందుకుంది. "గిట్ల తప్పు జేసుడు నాకు రాదు, మీరే జేస్కోర్రి" అని లేచిపోయింది. ఆగయ్య మురుకుల గొట్టంలో పిండి కూరి, స్వయంకృషితో, పన్ను విరిగే సకినాన్ని సాధించాడు.

ఇక ఫొటో. కనకవ్వ స్టూడియోలో కూర్చుంది. ఎవడో పరాయివాడు నవ్వమన్నందుకు కళ్ళెర్రజేసి చూసింది. అదే అచ్చయింది. నకిలీకి ఆమె పేరు పెట్టవచ్చు గానీ ఆమె ఫొటో కూడా ఇవ్వడం అన్యాయం కదా, అందుకని ఆగయ్యే అక్క చీర కట్టి, బొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. అక్కాతమ్ముళ్ళది ఒకటే ముక్కు, ఒకటే కళ్ళు. మీసం తీయడానికి మాత్రం ఒప్పుకోలేదు. "మీసం పోతే మొగోని ఇజ్జత్ పోతది బావా" అన్నాడు, చీరకుచ్చిళ్ళు సర్దుకుంటూ. కొంగును మూతికి అడ్డం కట్టి ఫొటో తీశారు.

ఇక్కడే వ్యవహారం మలుపు తిరిగింది. ప్లేగు నాడు ఊరంతా మూతికి గుడ్డ కట్టుకుని తిరిగింది. ఆ భయం ఇంకా వదల్లేదు. మూతికి కొంగు కట్టిన ఆడమనిషి బొమ్మ చూడగానే జనం మనసు నిమ్మళించింది. "శుభ్రమంటే కనకవ్వదే" అన్నారు. దానికి తోడు ఆగయ్య ప్యాకెట్టు మీద ఎర్రటి పెద్ద అక్షరాలతో 'నకిలీలను చూసి మోసపోకండి' అని మూడు భాషల్లో కొట్టించాడు. నర్సింగం ప్యాకెట్టు మీద ఆ మాట లేదు. మోసం చేసే ఉద్దేశం లేనివాడికి అలాంటివి తోచవు.

పండుగ పూట తెలుగు సంఘం సభలో అధ్యక్షులు, రైల్వే అధికారి ధర్మరాజు గారు ఆగయ్యకు శాలువా కప్పారు. "ఎక్కడో నేతగాళ్ళ ఇంట పుట్టిన సకినానికి నాణ్యత అనే ముసుగు తొడిగిన మహనీయుడు ఆగయ్య" అంటూ గంభీరంగా మాట్లాడారు. "ఇలాంటివారిని అనుకరించి బతికే నీచులు కూడా మన మధ్య ఉండటం విచారకరం" అని నర్సింగం కూర్చున్న వైపు చూసి ముగించారు. నర్సింగం కూడా చప్పట్లు కొట్టాడు. అందరూ కొడుతుంటే ఊరికే ఉండటం బాగుండదు.

ఆగయ్య కూడా మార్కుకు దరఖాస్తు పెట్టాడు. అతని సలహాదారూ పరమేశ్వర్ గారే. ఇద్దరి దగ్గరా ఒకటే రుసుము తీసుకుని, ఆయన తన నిష్పక్షపాతాన్ని చాటుకున్నారు.

ఇలాంటి దరఖాస్తులు మనవల కాలానికి తేలతాయని ప్రతీతి. మార్కులిచ్చే ఆ పెద్ద దఫ్తరు పేరు చెప్పడం మర్యాద కాదు కానీ, వారు ఎంతో చొరవ చూపి, నర్సింగం జుట్టు పూర్తిగా నెరవకముందే విచారణకు పిలిచారు. నర్సింగం కనకవ్వను కూడా రైలెక్కించి తీసుకెళ్ళాడు. మనిషినే చూపిస్తే ఇంకేం రుజువు కావాలని అతని ధీమా.

అధికారి రెండు ప్యాకెట్లూ బల్ల మీద పెట్టించి, ఇందులో కనకవ్వ ఎవరని సాక్షులను అడిగారు. వచ్చిన కొట్లవాళ్ళంతా మూతికి కొంగున్న బొమ్మనే చూపించారు. కళ్ళెర్రజేసిన ఆవిడ ఎవరో తమకు తెలియదన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదు. కనకవ్వ గడప దాటి బజారుకు ఎన్నడు వచ్చింది గనక?

"మీరే అసలైతే నకిలీలంటే మీకు భయముండాలి. మీ ప్యాకెట్టు మీద హెచ్చరిక ఏదీ? దీన్నిబట్టి తమ సరుకే నకిలీ అని తమరే అంగీకరించినట్టు ఈ దఫ్తరు భావిస్తోంది" అన్నారు అధికారి. తర్వాత బెంచీ వైపు చూసి, "ఆమె ఎవరు?" అని అడిగారు.

"కనకవ్వ సారూ" అన్నాడు నర్సింగం.

"కనకవ్వ ఎవరో ఇప్పుడే తేలింది. ఆమె ఎవరని అడుగుతున్నాను."

పెళ్ళాం పేరు నిలబెడతానని వచ్చి, ఆమెకే పేరు లేకుండా చేసినందుకు నర్సింగం సిగ్గుతో చచ్చిపోయాడు. తిరుగు రైల్లో ఆమె ముఖం చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఉధనా దాటాక కనకవ్వే అంది: "పోనియ్యయ్యా. పేరు పోయింది గని చెయ్యి నా దగ్గర్నే ఉన్నది గద."

మళ్ళీ ఫొటో లేదు, పేరు లేదు. వట్టి పొట్లం, ఎర్రదారం, నేతగాళ్ళ ముడి. కొట్లవాళ్ళు వాటిని బల్ల కింద దాచి, తెలిసినవాళ్ళకు మాత్రం చెవిలో చెప్పి అమ్మసాగారు: "డూప్లికేట్ మాల్ ఉంది, బాగుంటది." దొంగచాటుగా దొరికేదాని మీద మనవాళ్ళకుండే గౌరవం తెలిసిందే. గిరాకీ పెరిగింది.

ఒకనాడు ధర్మరాజు గారే స్వయంగా నర్సింగం గుమ్మం దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, ఒక సకినం నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకుని నమిలారు. "పర్వాలేదమ్మా. అచ్చం కనకవ్వ చేసినట్టే ఉన్నాయి" అన్నారు.

"ఆమెనే నేర్పింది సారూ" అంది కనకవ్వ, పొట్లానికి ముడి బిగిస్తూ.

ఆయన ఇంటికి వెళ్ళి ఆ సకినాలను ఆగయ్య బొమ్మ ఉన్న డబ్బాలో పోశారు. నలుగురూ వచ్చే ఇల్లు, పరువు ఉండాలి కదా. ఆ సాయంత్రం వచ్చిన పెద్దమనుషులంతా తిని, డబ్బా తిప్పి బొమ్మ చూసి, ఎంతైనా అసలు అసలే అని తలలూపారు. వాళ్ళలో మీరూ ఉన్నారని విన్నాం.