సున్నా మీద ముల్లు

యానాంలో రెండో సూర్యుణ్ణి నిలబెడతానని మంత్రిగారు బజారు సభలో ప్రకటించారు. ఊళ్లో పొద్దుటినుంచీ కరెంటు లేకపోవడంతో జనం గట్టిగానే చప్పట్లు కొట్టారు.

"సింక్రోట్రాన్!" అన్నారు మంత్రిగారు. "గుండ్రటి గొట్టంలో ఎలక్ట్రాన్లు గిరగిరా తిరుగుతూ వెలుగు చిమ్ముతాయి. ఆ వెలుగులో అణువు ఆనవాలు కూడా దొరుకుతుంది. దేశంలో ఎక్కడా లేనిది మన ఫరంపేటలో ఉంటుంది!"

ఫరంపేటలో అప్పటికే మనుషులున్నారు. స్థలం పరీక్ష నెగ్గితే గోదారి ఒడ్డునున్న వాళ్ల ఇళ్లు లేపేస్తారు. దేశం వెలగాలంటే ఎవరో ఒకరు లేవాలి కదా.

పరీక్ష నెగ్గించే భారం వీరభద్రరావు మీద పడింది. ఆయన పార్టీ కోసం జెండాలు కట్టి, కుర్చీలు వేసి, మంత్రిగారు మారిన ప్రతి పార్టీలోకీ వెంట నడిచిన నిష్ఠాపరుడు. నెగ్గితే కిరణ స్థిరత్వ సంఘానికి చైర్మన్. జీపు కూడా ఇస్తారు.

మద్రాసు నుంచి సైంటిస్టు వచ్చాడు. "కిరణం వెంట్రుకలో పదో వంతు పక్కకి జరిగినా పని చెడుతుంది. నేల ఊగితే అదీ ఊగుతుంది" అని ఒడ్డున ఒక స్తంభానికి దీపం, దూరంగా ఇంకో స్తంభానికి వెలుగుని పసిగట్టే నాలుగు పలకలు, వాటికి ఓ మీటరు బిగించాడు. వెలుగు నాలుగింటికీ మధ్యన పడితే మీటరు ముల్లు సున్నా మీద ఉంటుంది. ఎటు జరిగితే ముల్లు అటు పోతుంది.

లారీ వెళ్తే ముల్లు అదిరింది. సముద్రం పోటొస్తే తూర్పుకి, నీరు వెనక్కి తీసే పాటొస్తే పడమరకి జరిగింది.

"బురద నేలండీ. ఇక్కడ కుదరదు."

"కుదరకపోవడమేంటండీ?" అన్నాడు వీరభద్రరావు. "శంకుస్థాపన రాయి చెక్కించేశాం!"

సైంటిస్టు ఓపికగా చెప్పాడు. పెద్ద కేంద్రాల్లో కిరణం ఎంత జరిగిందో కొలిచి, అయస్కాంతాలతో అంతే వెనక్కి నెడతారట.

వీరభద్రరావు ముఖం వెలిగింది. "మాకు అయస్కాంతాల్లేవు గానీ, జనం ఉన్నారండి!"

పులిహోర పొట్లాలిచ్చి పేట జనాన్నే పోగేశాడు. ముల్లు తూర్పుకి పోతే అందరూ పడమరకి పరిగెత్తాలి. నేల అటు కుంగి ముల్లు దారికొస్తుంది. మొదట వచ్చింది కూడా. కానీ కేక విని జనం చేరేసరికి ముల్లు తనంతట తానే తిరిగి పడమరకి వస్తోంది. వీళ్ల బరువుతో ఇంకా అవతలకి పోయింది. మళ్లీ తూర్పుకి పరిగెత్తించాడు. మధ్యాహ్నానికి ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకి ఊగుతోంది.

"బాబూ, ఎటుపక్కకో ఒకసారి తేల్చుకోండి" అంది పాపాయమ్మ రొప్పుతూ. ఆవిడ ఇల్లు ఒడ్డున మొదటిది.

"దేశం కోసం పరిగెత్తవే!"

"మా ఇల్లు పీకడానికి మేమే పరిగెత్తాలా? బాగుందండీ మీ సైన్సు!"

ఆ మర్నాడు వీరభద్రరావుకి మహత్తరమైన ఆలోచన వచ్చింది. రేవులో ఇనప పంటు ఉంది, మనుషుల్నీ బళ్లనీ గోదారి దాటించేది. దీపం స్తంభం దాని ఈ చివర, పలకల స్తంభం ఆ చివర బిగించాడు. ముల్లు సున్నా మీదకొచ్చి శిలలా నిలబడిపోయింది.

సైంటిస్టు కళ్లజోడు తుడుచుకున్నాడు. "దీపం, పలకలు కలిసే ఊగుతున్నాయి కదండీ! పంటు నీళ్లమీద ఉంది!"

"ఆ సంగతి మీటరు అడిగిందాండీ?"

"మీటరు సున్నా చూపిస్తోంది. అంతే రాస్తాను" అని రాసిచ్చి మద్రాసు బస్సెక్కాడు.

శంకుస్థాపన సభ పంటు మీదే పెట్టారు. దీపానికి జనరేటరు, మంత్రిగారికి మైకు. "వెంట్రుకంత కూడా కదలని నేల ఇది!" అని మంత్రిగారు గర్జిస్తుండగా పాటు అందుకుంది. పంటుని రేవుకి కట్టిన మోకు తెగింది. వేదిక మెల్లగా ఒడ్డు విడిచింది. ఒడ్డునున్న కార్యకర్తలు మొదట జిందాబాద్ కొట్టారు, తర్వాత కూడా అదే కొట్టారు.

"వీరభద్రం! ఏంటయ్యా ఇది?"

"సున్నానండి! నిలకడగా ఉందండి!"

కనకాలపేట దాటాక మంత్రిగారి గొంతు మారింది. పాపాయమ్మ, ఆవిడ మొగుడు వెంకన్న నావేసుకుని పక్కకొచ్చారు. కానీ చెయ్యి అందేంత దగ్గరికి రాలేదు.

"పేటలో ఇళ్ల సంగతేంటి బాబూ?" అంది పాపాయమ్మ.

"ఏ ఇళ్లు?"

వెంకన్న తెడ్డు వెనక్కేశాడు. నావ బారెడు దూరం జరిగింది.

"ఉంటాయమ్మా! ఒక్క ఇల్లు కూడా లేపం!"

"నాతో కాదు బాబూ. మైకులో చెప్పండి. ఒడ్డు మీదోళ్లు ఇనాలి."

మంత్రిగారు మైకులో చెప్పారు. రెండుసార్లు చెప్పారు. ఆయన జీవితంలో అంత స్పష్టమైన ఉపన్యాసం ఇంకోటి లేదు. ఒడ్డు మీద ఈలలు మోగాయి. వెంకన్న ఆయన్ని నావలోకి దించాడు.

"నువ్వూ దిగు బాబూ" అని కేకేసింది పాపాయమ్మ. "సముద్రంలోకి పోతున్నావు."

చైర్మన్ వీరభద్రరావు మీటరు మీంచి కళ్లు తిప్పలేదు.

"పోవడమేంటి పాపాయమ్మా? సున్నా మీదుంటే!"