ఇవాళ్టి తేదీదే తప్పు

ఆరోగ్యశాఖ మంత్రిగారు మైకు ముందు నిలబడి, ఇకపై తమ శాఖలో ఆలస్యం అన్న మాటే వినపడదని ప్రకటించారు. ఆయన అన్నారంటే చేసి తీరుతారు. ఎలా చేశారో కళ్ళారా చూసే భాగ్యం, ఆ ఆఫీసు గుమాస్తాగా నాకు దక్కింది.

ఆపరేషన్ల మంజూరు కోసం వచ్చే దరఖాస్తులన్నీ మా ఎక్సెల్ షీటులో ఉంటాయి. దరఖాస్తు తేదీకి ముప్పై రోజులు కలిపితే గడువు. ఇవాళ్టి తేదీ ఆ గడువు దాటిందంటే, ఫార్ములా ఆ గడిని ఎర్రగా మార్చేస్తుంది. మే నెలలో మంత్రిగారు రివ్యూకి వచ్చేసరికి తెరంతా దద్దుర్లు లేచినట్టుంది.

"ఏంటయ్యా ఈ ఎరుపు?"

"గడువు కన్నా ఇవాళ్టి తేదీ పెద్దదైతే వస్తుంది సార్," అన్నారు మా ఆఫీసరు.

"అంటే తప్పు ఇవాళ్టి తేదీదేగా! తగ్గించండి."

"ఎంతకి సార్?"

"నేను మంత్రిగా ప్రమాణం చేసిన రోజుకి. మార్చి మూడు. మంచి రోజు."

ఏ రోజుకారోజు తనంతట తానే మారే తేదీని ఆఫీసరు చెరిపేసి, మార్చి మూడు అని కొట్టారు. తెరంతా పచ్చబడింది. ఇన్నేళ్ళ సర్వీసులో మా ఆఫీసులో ఇంత చకచకా పని జరగడం నేనెరగను. నాకు ఒళ్ళు మండింది. అయినా అందరితోపాటు చప్పట్లు కొట్టాను. ఆఫీసరుకి ఉత్తమ సేవా పతకం వచ్చింది.

మర్నాడు ఒక దర్జీ ఆవిడ వచ్చింది. భర్త గుండె ఆపరేషన్‌కి ఫిబ్రవరి ఇరవైన దరఖాస్తు పెట్టింది.

ఆఫీసరు తెర చూసి, "మీకింకా పంతొమ్మిది రోజుల గడువుందమ్మా," అన్నారు.

జూన్‌లో వచ్చింది. పంతొమ్మిది రోజులే ఉంది.

"పోయిన నెలా ఇదే చెప్పారు కదయ్యా! ఆయన నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు."

"కంప్యూటర్ అబద్ధం చెబుతుందా అమ్మా?"

జూలైలో ఆవిడ ఆస్పత్రి కాగితం పట్టుకుని వచ్చింది. ఈసారి మంజూరు అడగలేదు, మరణ ధ్రువపత్రం అడిగింది. అదీ మేమే ఇస్తాం. ఆఫీసరు జూలై ఎనిమిది అని కొట్టారు. కంప్యూటర్ ఒప్పుకోలేదు. చనిపోయిన తేదీ ఇవాళ్టి తేదీ దాటకూడదని అందులో ఇంకో ఫార్ములా ఉంది.

"మీ ఆయన పోవడానికింకా నాలుగు నెలల పైనే ఉందమ్మా. మా లెక్క ప్రకారం బతికే ఉన్నాడు."

ఆవిడ కాగితం మడిచి చేతిలో పెట్టుకుంది. నేను తలెత్తలేకపోయాను.

"అయితే ఆయన్ని ఇంటికి పంపించండి బాబూ."

"దరఖాస్తు పెట్టుకోండమ్మా," అన్నారు ఆఫీసరు, "ముప్పై రోజుల్లో పంపిస్తాం."