రక్తనాళపు నూలు దొంగ

"నేరస్తుడు ఎంతటోడైనా సరే, ఈ ఏకాంబరం కంట పడినాడా, వాడి జాతకం తిరగబడినట్టే!"

ఈ ప్రకటన చేసింది సాక్షాత్తూ ఏకాంబరమే. నగరిలో మరమగ్గాల షెడ్డు ఆయనది. ఒకసారి షెడ్డులో నూలు మాయమవుతుంటే రాత్రింబవళ్ళు కాపు కాసి ఎలుకల్ని పట్టాడు. అప్పట్నుంచీ తనను తాను డిటెక్టివ్ అని పిలుచుకుంటున్నాడు.

అలాంటి మహానుభావుడికి తిరుపతి నుంచి మేనకోడలు నందిత ఫోను చేసి ఏడ్చింది.

"మామా, యంత్రం తిరుగుతాండాది, ద్రావణం అయిపోతాండాది, కడ్డీ మీద మాత్రం పోగు నిలవడంలా. సాయంత్రం మా గైడు మేడమ్ వస్తాది. గొట్టం చూపించకపోతే నా పరిశోధన ఆపేస్తారు."

కరెంటు పెట్టిన సూదిలోంచి ద్రావణం చిమ్మితే, వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నటి పోగులై ఎదురుగా తిరిగే కడ్డీ చుట్టూ పేరుకుని గొట్టం కావాలి. దానిమీద జీవకణాల్ని పెంచి రక్తనాళం తయారుచేయాలని ఆ పిల్ల ఏళ్ళ తరబడి నిద్రాహారాలు మానుకుంది పాపం.

ఏకాంబరం చెవికి అందులో ఒక్క మాటే ఎక్కింది. "పోగు పోతాండాదా? ఏడవద్దు పాపా, వస్తాండా!"

వచ్చీ రాగానే ప్రయోగశాల నేలను వాసన చూశాడు. "ఫినాయిలు! ఆధారాలు తుడిచేసినారు!"

"దినామూ తుడుస్తారు మామా."

"అదే అంటాండా. ఎంత పక్కా పథకం!"

టీ తాగుతున్న తోటి విద్యార్థి విజయ్ కుమార్ కిసుక్కున నవ్వాడు. ఏకాంబరం గిరుక్కున తిరిగాడు.

"ఏమబ్బా, నిన్న నీ చొక్కా ఏం రంగు?"

"నీలం సార్."

"ఈ దినం తెలుపు! పోయిన పోగూ తెలుపే!"

"ఇది అంగట్లో కొన్నది సార్!"

"దొంగలంతా ఇదే చెప్తారు."

యంత్రం పక్కనున్న ఇనుప బీరువాకు బూజు పట్టి ఉంటే, "ఏం పిల్లలప్పా, బూజు కూడా దులుపుకోరు!" అని కండువాతో శుభ్రంగా తుడిచేశాడు. ఆనక యంత్రం వేయించి, అందర్నీ బయటికి తోలాడు.

"సూది జోలికి పోవద్దు మామా, పెద్ద కరెంటు," అంది నందిత గడప దాటుతూ.

"కరెంటే నన్ను చూసి భయపడాల!"

మగ్గం దగ్గరికి చెప్పులతో పోయే అలవాటు ఆయనకు పుట్టి బుద్ధెరిగి లేదు. యంత్రమైనా మగ్గమే కదా! చెప్పులు విడిచి, దాని వెనక తడి నేల మీద గొంతుకూర్చున్నాడు. దొంగ రాలేదు. ముక్కు దురద మాత్రం వచ్చింది. మీసం మీద ఏదో పాకింది. బిగబట్టి బిగబట్టి, చివరికి గది అదిరేలా తుమ్మాడు.

నందిత పరుగున వచ్చి చూస్తే, మామ మొహం నిండా తెల్లటి పీచుమిఠాయి!

"పోగంతా నీ మీదికే వచ్చింది మామా!" యంత్రం ఆపి బల్ల కిందికి దూరింది. కడ్డీని నేలకు కలిపే ఎర్తు తీగ ఊడి వేలాడుతోంది. కడ్డీకి నేలతో సంబంధం తెగేసరికి పోగు, నేలకు ఆనుకున్నది ఏది దగ్గరుంటే దాని మీదికి ఎగబడింది. ఇన్నాళ్ళూ బూజులా బీరువా మీదికి, ఇప్పుడు చెప్పుల్లేని మామ మీదికి.

తీగ బిగించి మళ్ళీ వేస్తే కడ్డీ తెల్లబడటం మొదలైంది. సాయంత్రానికి కడ్డీ మీంచి జారిన మెత్తటి గొట్టాన్ని అరచేతిలో పెట్టుకుని నందిత ఏడుస్తూ నవ్వింది.

మేడమ్ భువనేశ్వరి దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుంది నందితా. పని కొనసాగించు." అప్పుడామె చూపు మూల కూర్చుని మీసంలోంచి పోగులు పీక్కుంటున్న పెద్దమనిషి మీద పడింది. "ఈయనెవరు?"

"నూలు దొంగను పట్టేదానికి వచ్చినా తల్లీ."

"దొరికాడా?"

ఏకాంబరం విజయ్ కుమార్ వైపు చూశాడు. కిటికీ అద్దంలో తన మొహం చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"దొరికినాడు తల్లీ. పెద్ద వయసోడు, పెండ్లాం బిడ్డలు ఉండారు. మందలించి వదిలేసినా."