పేరున్న ప్లేట్లు

పెళ్లికూతురి తండ్రి అధ్యక్షతన, ముందుగదిలో తిరుగుతున్న ఒకే ఒక్క ఫ్యాను కింద జరిగిన కుటుంబ సమావేశంలో ఈ కింది తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది: హాలు ముందు రంగు దీపాల తోరణం ఉండి తీరాలి, భోజనాలు బఫే పద్ధతిలో జరిగి తీరాలి, ప్లేట్ల సంగతి తరవాత చూసుకోవచ్చు.

"తరవాత" అనే మాట కోసం ప్రతి కుటుంబంలోనూ ఒక మనిషిని అట్టేపెడతారు. ఈ కుటుంబంలో ఆ మనిషి పెళ్లికూతురి మేనమామ. బస్సులు బాగుచేసే షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా స్టోర్‌కీపరు. సంతకం లేనిదే నట్టు ఇవ్వడు. సంతకం పెడితే బోల్టుకి రేపు రమ్మంటాడు. అందరూ ఆయన్ని స్టోర్సు మామయ్య అంటారు. ఇంట్లో భార్య కూడా, ఉప్పు డబ్బా కోసం రెండుసార్లు అడగాల్సి వచ్చినప్పుడు, అలాగే అంటుంది.

తోరణానికి పోగా మిగిలిన డబ్బుకి అద్దె ప్లేట్లు తొంభై వచ్చాయి. పిలిచినవాళ్లు మూడువందల యాభైమంది. ఈ తేడాను మామయ్య సమస్య అన్నాడు. బావగారు దృష్టిలోపం అన్నారు.

"ఏవయ్యా, అందరూ ఒక్కసారే తింటారా ఏమిటి? తొంభైమంది తింటుంటే మిగతావాళ్లు కబుర్లు చెప్పుకుంటారు. బఫే అంటేనే అది కదా!"

"మరి కడగడం?"

"అది నీ శాఖ."

కాగితం ప్లేట్ల ప్రతిపాదన కూడా పరిశీలనకు వచ్చింది. మామయ్య తన ఇంట్లోనే ప్రయోగం చేశాడు. వేడి కూర వడ్డించిన రెండో నిమిషంలో ప్లేటు వంగి దణ్ణం పెట్టింది. మూడో నిమిషంలో కూర ఆయన ఆఫీసు ప్యాంటులో విధులకు హాజరైంది. అయినా తిరస్కరణకు కారణం అది కాదు.

"కాగితం ప్లేట్లా! మగపెళ్లివారి ముందు నా పరువు తడిసి ముద్దవుతుందిరా," అంది అక్క.

అక్క ఆయనతో నేరుగా ఇంత పొడుగు మాట మాట్లాడి చాలాకాలమైంది. మామూలుగా "మీ ఆయనకి చెప్పమ్మా" అని మరదలి ద్వారా నడిపిస్తుంది. అందుకని మామయ్య ఈ పనిని నెత్తికెత్తుకున్నాడు. ఆ రాత్రికి రాత్రి కాదు, మర్నాడు ఆఫీసు వేళల్లో, ఆఫీసు కాగితం మీద, బంధువులందరికీ సర్క్యులర్ తయారుచేశాడు. "తమ ఇంట ఖాళీగా ఉన్న స్టీలు ప్లేట్లు, ఇంటికి పదిహేనుకు తగ్గకుండా, శుభకార్య నిమిత్తం తాత్కాలికంగా ఇప్పించవలసిందిగా కోరడమైనది."

బంధువుల ఔదార్యం చూసి ఆయన కళ్లు చెమర్చాయి. పదిహేను అడిగితే ఒకరు నలభై ఇచ్చారు. ఒకరు అటక మీది మూట మూటగానే దించి, "లెక్కెందుకు, తీసుకుపో నాయనా" అన్నారు. ఎప్పుడూ గ్లాసెడు పంచదార బదులివ్వని పిన్ని ఇరవై నాలుగు ప్లేట్లు గోనెసంచిలో కట్టించి, "మీ అమ్మ బతికుంటే ఎంత మురిసిపోయేదిరా," అని కొంగుతో కళ్లొత్తుకుంది.

మామయ్య అన్నీ లెక్కపెట్టాడు. ఒక్కటీ తిరగేసి చూడలేదు. స్టోర్సువారు చూడవలసింది సంఖ్య మాత్రమే. వస్తువు ఎవరిదన్నది వేరే శాఖవారి పని. ఏ సంచి ఎవరింటిదో సంచులకు చీటీలు కట్టాడు. పెళ్లిరోజు పొద్దున కడిగేవాళ్లు ఆ చీటీలు విప్పి, ప్లేట్లన్నీ ఒకే తొట్టిలో పోశారు. పిన్నిగారి సంచి ఒక్కటే, తొట్టిలో చోటు చాలక, స్టోరుగదిలో మిగిలిపోయింది.

పెళ్లి లక్షణంగా జరిగింది. భోజనాల గంట కొట్టకముందే అతిథులు బఫే బల్లల దగ్గర క్రమశిక్షణగా తోసుకున్నారు. ముందు వరసలో మగపెళ్లివారి పెద్దత్తగారు. ప్లేటు తడిగా ఉందని ఆవిడ నీళ్లు విదల్చడానికి తిరగేసింది. తిరగేసి అలాగే నిలబడిపోయింది.

"ఇది మా ఆయన పేరు!"

అడుగున చుక్కచుక్కలుగా చెక్కిన అక్షరాలు. పదకొండేళ్ల కిందట ఎవరో స్నేహితుల గృహప్రవేశానికి ఆవిడ డజను ప్లేట్లు ఎరువిస్తే తొమ్మిది తిరిగొచ్చాయట. ఇరు కుటుంబాలకూ పూర్వపరిచయం లేదని సంబంధం కుదిర్చినాయన ప్రమాణం చేసి ఉన్నాడు. ప్లేట్లకు ఉందని అప్పుడు తెలిసింది.

ఆ తరవాత హాల్లో ప్లేటు తిరగెయ్యనివాడు పాపి. వడ్డించుకున్నవాళ్లు ప్లేటు నెత్తిమీదికెత్తి, కిందనుంచి చదువుకున్నారు. ఒకాయన చొక్కా మీద పప్పు ధారకట్టింది; అయినా ఆయన ముఖంలో పోయిన ఆస్తి దొరికిన వెలుగు.

"అయ్యా, మీరు తింటున్నది మా అమ్మగారి ప్లేటు."

"తినేసి ఇస్తానండీ."

"తిన్నాక మాట మారుస్తారు. పక్కనే నిలబడతాను, కానివ్వండి."

అలా జంటలు జంటలుగా, ఒకరు తింటూ ఒకరు కాపలా కాస్తూ, బఫే ముందుకు సాగింది. ఇంతలో ఎవరో గట్టిగా అడిగారు: "మా ప్లేట్లు ఇక్కడికి తెచ్చిచ్చింది ఎవరు?" హాలంతా ఒక్కసారి చల్లబడింది. అక్క ముఖం పాలిపోయింది. పీటల మీది సంబంధం ప్లేట్ల దగ్గర తెగేలా ఉందనిపించింది మామయ్యకు.

పెళ్లికొడుకు తండ్రి మైకు అందుకున్నారు. నీళ్ల సరఫరా కార్యాలయంలో పెద్ద పదవి చేసి దిగిన మనిషి. ఎక్కడ లీకైనా ఉపన్యాసంతో ఆపగలరు. "సోదర సోదరీమణులారా! దీన్ని కొందరు తొందరపడి వేరే పేరుతో పిలుస్తున్నారు. నేను దీన్ని రాకపోకలంటాను. మనుషుల మధ్య రాకపోకలు ఉన్నచోటే వస్తువుల మధ్య కూడా ఉంటాయి. ఇన్నేళ్లు ఒకరి ప్లేట్లో ఒకరం తిన్నామంటే, మన ఐకమత్యానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి!" చప్పట్లు మోగాయి. మాట్లాడినంతసేపూ ఆయన తన ప్లేటును అడుగు కనపడకుండా గుండెకు హత్తుకునే ఉన్నారు.

మామయ్య తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. మూలనున్న బల్ల లాగి, కుర్చీ వేసుకుని, రిజిస్టరు తెరిచాడు. "లైన్లో రండి. అడుగున పేరు చూపించాలి, సంతకం పెట్టాలి, పట్టుకెళ్లాలి. ఎవరిచ్చారన్నది మాత్రం రికార్డులో లేదు. చీటీలు ఊడిపోయాయి."

చీటీలు ఊడిపోయాయన్న మాటకు హాలంతా ఊపిరి పీల్చుకుంది. అడిగినవాడి ముఖంలోనే అందరికన్నా ఎక్కువ శాంతి కనిపించింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో మామయ్యను దేవుడన్నవాళ్లు లేరు, ఆవేళ ఏడుగురన్నారు.

అయితే చుట్టాల ప్లేట్లు ఇళ్లదారి పట్టి, అద్దెవి ఎంగిలి తొట్టిలో నానుతుండేసరికి తినడానికి కరువొచ్చింది. ఇంకా నలభైమంది మిగిలారు. అక్కా తమ్ముడూ స్టోరుగదిలోకి పరుగెత్తి పిన్నిగారి సంచి విప్పారు. అక్క పైనుంచి నాలుగు తీసి అందించింది. ఐదోదాన్ని తిరగేసి, అందించకుండా ఆగిపోయింది. అంచు దగ్గర చిన్న సొట్ట, అడుగున అమ్మ పేరు.

అమ్మ పోయాక తొమ్మిదేళ్లుగా ఆ ప్లేటు కనపడటం లేదు. తమ్ముడి పెళ్లామే సర్దేసిందని అక్క అనుకుంది. అక్క పట్టుకుపోయిందని తమ్ముడు అనుకున్నాడు. ప్లేటు గురించి అడిగితే చులకనైపోతామని ఇద్దరూ అడగలేదు. అడగకుండా మాటలే తగ్గించారు.

"నీ దగ్గరుందనుకున్నానురా."

"నేను నీ దగ్గరుందనుకున్నా, అక్కా."

"పోన్లే తల్లీ, పెద్దదానివి నువ్వే సర్దుకో అని పిన్నే కదరా నాకు నచ్చజెప్పేది!"

"నాకూ చెప్పేది. చిన్నవాడివి, నువ్వే తగ్గు అని."

పిన్ని రిజిస్టరు బల్ల దగ్గర లైన్లో ఉంది. తన పేరున్న ప్లేట్లు మూడు దొరికాయని, లోకంలో నీతి లేకుండా పోయిందని, ముందున్నావిడతో కన్నీళ్లు పెట్టుకుంటోంది. అక్క ప్లేటు చూపించగానే కన్నీళ్లు ఆపకుండానే అంది: "ఇద్దరిలో ఎవరికిచ్చినా రెండోవాళ్లు బాధపడతారని దాచానే తల్లీ!"

అందరూ తిన్నాక, స్టోరుగదిలో బియ్యం బస్తా మీద కూర్చుని, అక్కా తమ్ముడూ ఆ ఒక్క ప్లేట్లోనే తిన్నారు. కూర చల్లారిపోయింది. అక్క తన వంతు స్వీటు కూడా తమ్ముడి వైపు జరిపింది. పెళ్లికూతురు తొంగిచూసి, "మామయ్యా, అందరూ వెళ్తున్నారు, రండి," అంది. "ఉండవే, తింటున్నాం," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

సాయంత్రానికి లెక్క చూస్తే అద్దె ప్లేట్లలో పదకొండు తక్కువయ్యాయి. వాటిమీద కొట్టు యజమాని పేరు స్పష్టంగా చెక్కి ఉంది. దురదృష్టవశాత్తూ అతిథుల్లో ఆ పేరుగలవారు ఇద్దరున్నారు.

వారం తిరిగాక మామయ్య అమ్మ ప్లేటు పట్టుకుని గిన్నెల మీద పేర్లు చెక్కే కొట్టుకు వెళ్లాడు. అమ్మ పేరు కింద అక్క పేరు చెక్కించి, వెళ్లి ఇచ్చి రావాలని. కొట్టు ముందు వీధి మలుపుదాకా జనం, అందరి చేతుల్లోనూ సంచులు. జరిగినదానికి బుద్ధొచ్చి అందరూ పేర్లు చెక్కించుకుంటున్నారు కాబోలని ఆయన ముచ్చటపడ్డాడు.

"చెక్కడం ఇవాళ కుదరదండీ," అన్నాడు చెక్కేవాడు, గ్రైండరు మీదినుంచి తలెత్తకుండా. "వారంనుంచీ చెరిపించుకునేవాళ్లే."

మామయ్య లైను పొడుగునా ఒకసారి చూశాడు. అందులో మీరూ ఉన్నారు. పలకరిస్తే బాగుండదని ఆయన తల తిప్పుకుని వెళ్లిపోయాడు.